సరిహద్దు దాటే కరెంటు, తీగల కింద పొలం
(రైతుసంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొరుగు దేశాల కరెంటుతో మనకేం పని అని అధ్యక్షులవారు నన్ను పిలిచినప్పుడే ఒకరిద్దరు అడిగారు. పని ఉంది.

2024 నవంబరు 15న నేపాల్ నుంచి 40 మెగావాట్ల విద్యుత్తు మన దేశపు తీగల మీదుగా బంగ్లాదేశ్ చేరింది. మూడు దేశాల మధ్య ఇలా జరగడం దక్షిణాసియాలో అదే మొదలు. యూనిటుకు 6.4 అమెరికన్ సెంట్లు. వానాకాలంలో నేపాల్ నదులు నిండి కరెంటు మిగులుతుంది, చలికాలంలో నీరు తగ్గి మన దగ్గరే కొనుక్కుంటుంది. పక్క చేను బోరులో నీళ్లుంటే ఒక తడి అడిగి పెట్టుకుంటాం కదా, అలాంటిదే. ఇందులో తప్పేమీ లేదు.

కలిస్తే లాభమని మనకూ తెలుసు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అంతకుముందు ఉత్తరాన మిగులున్నా ఇక్కడికి తెచ్చుకోవడానికి చాలినన్ని లైన్లు లేవు. ఆ ఏళ్లలో కోతలకు ఎండిన మళ్లు మీరు మరిచిపోయి ఉండరు.

నా పేచీ లెక్క దగ్గర. జార్ఖండ్‌లోని గొడ్డాలో 1,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటును బంగ్లాదేశ్‌కు అమ్మడానికే కట్టారు. 2024 ఆగస్టు 5న ఢాకాలో ప్రభుత్వం కూలింది. వారం తిరిగేసరికి, అలాంటి ప్లాంటు కరెంటును మన దేశంలోనూ అమ్ముకోవచ్చని కేంద్రం నిబంధన మార్చింది. కంపెనీకి వారం చాలింది! టవరు పడిన రైతు కాగితం మాత్రం ఏళ్లు తిరుగుతుంది.

లైను వేయడానికి భూమి సేకరించనక్కర్లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు ఇస్తే చాలు. పట్టా మన పేరునే ఉంటుంది, తీగల కింద కొబ్బరి పెంచలేం, ఇల్లు కట్టలేం. 2015లో కేంద్రం టవరు అడుగు జాగాకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది జాగాకు 15 శాతం వరకు అంది. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలు చేసింది. ఇవి మార్గదర్శకాలే. అమలు రాష్ట్రం చేతిలో. పైగా విలువ కట్టేది ఏ ధర మీద? రిజిస్ట్రేషన్ పుస్తకంలోని ధరకూ అసలు ధరకూ ఎంత తేడానో మీకు చెప్పక్కర్లేదు.

కరెంటు దేశాలు దాటి పోయే కొద్దీ లైన్లు పెరుగుతాయి. మీ ఊళ్లో టవర్లు పడిన సర్వే నంబర్లు, ఇచ్చిన డబ్బు, ఇచ్చిన తేదీ రాసి వచ్చే నెలలోగా సంఘం ఆఫీసుకు పంపండి. కలెక్టరు దగ్గరకు ఆ కాగితాలతోనే వెళ్దాం.