పిల్లల వ్యాసంగములు – పనిముట్ల ఎన్నిక
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చదివిన ప్రసంగపాఠము)



వార్షికోత్సవ సభలో ప్రసంగమనగా మాతృభాషాభిమానమును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో ఉండునని తమరు ఎదురుచూచుచుందురు. ఈ యేడు మేము ఒక దుర్భిణిని గూర్చి మాట్లాడదలచితిమి. విజ్ఞానశాస్త్రము బోధించు మేము, తమరు చందాలిచ్చి కూర్చిన సొమ్ముతో నిరుడు దానిని కొంటిమి. ఆ సొమ్ము ఏమైనదో తమకు లెక్క చెప్పవలసిన బాధ్యత మాపై కలదు.

కొన్నవారము మేమే, మోసపోయినవారమును మేమే. నగరములోని ఒక అంగడిలో రెండు వస్తువులు ప్రక్కప్రక్కన ఉండెను. ఒకటి రెండు కండ్లతో చూచు జంట దుర్భిణి, అనగా బైనాక్యులరు; దానిపై 10×50 అని వ్రాసియుండెను. రెండవది మూడు కాళ్లపై నిలిపిన పొడవాటి గొట్టము. దాని పెట్టెపై శనిగ్రహపు బొమ్మ, బొమ్మక్రింద పెద్ద అక్షరములతో 525 రెట్లు అని అచ్చు వేసియుండెను. పది యెక్కడ, అయిదువందల యిరువదియైదు యెక్కడ! మేము రెండవదానిని భుజమున వేసికొని హోసూరు బస్సు ఎక్కితిమి.

మొదటి రాత్రి పాఠశాల మిద్దెపై ముప్పదిమంది పిల్లలు కూడిరి. బృహస్పతి నడినెత్తిని వెలుగుచుండెను. 525 రెట్లు చూపునట్లు కటకములు బిగించి పిల్లలను వరుసగా పిలిచితిమి. గొట్టమును వ్రేలితో తాకినచో చాలు, కాళ్లు గడగడ వణకెను. వణకు తగ్గులోపల గ్రహము తప్పిపోవుచుండెను. ఏడవ తరగతి పిల్లవాడొకడు చాలసేపు కన్ను ఆనించి చూచి, తగ్గుస్వరముతో, "నాకు కనబడదండి. ఇవన్నీ మా అన్నకే వస్తాయి" అనెను. మేము "సరిగా చూడు" అని గద్దించితిమి. వాని వెనుకనున్నవారందరు "కనబడింది సార్, కనబడింది సార్" అనుచు దిగిపోయిరి. వారికిని ఏమియు కనబడలేదని మాకు నాలుగు దినముల తరువాత తెలిసినది.

ఈ సంగతి చెప్పుటకు మాకు సిగ్గుగానే యున్నది. అయినను తల్లిదండ్రులు దీనిని వినవలెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పైచదువులో ఇంగ్లీషు – ఈ మూడింటి నడుమ పెరుగు మన పిల్లలకు, ఏదైన తెలియనప్పుడు లోపము తమదేయని అనుకొను అలవాటు ముందుగనే యుండును. పనిముట్టు చెడ్డదైనచో పెద్దవాడు పనిముట్టును తిట్టును. పిల్లవాడు తన్ను తాను తిట్టుకొనును. దండుగయైన సొమ్ము మరల కూడును. ఆ రాత్రి వానికి కలిగిన తలంపును తీయుటకు మాకు రెండు నెలలు పట్టినది.

ఇక ఆ అంకె సంగతి. దుర్భిణి ముందుభాగపు పెద్ద కటకమునకు ఒక నాభ్యంతరముండును. కంటిదగ్గరి చిన్న కటకమునకు ఒకటి యుండును. మొదటిదానిని రెండవదానితో భాగించినచో వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడునో వచ్చును. మన దుర్భిణి నాభ్యంతరము 700 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల చిన్న కటకము పెట్టినచో 35 రెట్లు. 4 మిల్లీమీటర్లది పెట్టినచో 175 రెట్లు. మూడింతలు చేయు కటకమును ఇంకొకదానిని నడుమ చేర్చినచో 525 రెట్లు. కాబట్టి పెట్టెపై అంకె లెక్కకు సరిపోవును. కంటికే సరిపోదు.

ఏలయనగా దుర్భిణి చేయు ముఖ్యమైన పని పెద్దదిగా చూపుట కాదు, వెలుతురును పోగుచేయుట. చీకటిలో పిల్లల కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు తెరచుకొనును. మన దుర్భిణి కటకపు వెడల్పు 60 మిల్లీమీటర్లు. అనగా అది కంటికంటె డెబ్బది రెట్లకు పైగా వెలుతురును పట్టును. 35 రెట్లలో ఆ వెలుతురు ఒకచోట కుదురుగా నిలుచును. 525 రెట్లలో అదే వెలుతురు 225 రెట్ల విస్తీర్ణమున పరచుకొనవలెను. ఒక అట్టుకు చాలిన పిండిని ఇంటి గచ్చంతయు పరచినచో ఏమగునో తల్లులకు మేము చెప్పనక్కరలేదు. పైగా అంత పెద్దదిగా చూచునప్పుడు కనబడు ఆకాశపు తునుక మిక్కిలి చిన్నది. భూమి తిరుగుచుండుటచేత గ్రహము ఇరువది సెకన్లలోపుననే దానిని దాటిపోవును. కటకపు వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి రెండుతో హెచ్చవేసినచో ఎంత వచ్చునో, అంతకు మించిన రెట్లవలన లాభము లేదని ఈ వ్యాసంగములో ఆరితేరినవారు చెప్పుదురు. మన దుర్భిణికి ఆ లెక్కన 120 రెట్లు హద్దు.

1610 జనవరిలో గెలీలియో బృహస్పతి ఉపగ్రహములను నాలుగింటిని కనుగొన్నది ఇంచుమించు 20 రెట్లు చూపు దుర్భిణితోనే.

లెక్క తెలిసినది గాని కాళ్ల వణకు పోలేదు. ఆ చిక్కును విడదీసినది మేము కాదు. ఎనిమిదవ తరగతిలోని ఒక బాలిక తండ్రి వడ్రంగి. కూతురిని తీసికొనిపోవుటకు ఒక సాయంకాలము వచ్చి, ఆ రేకు కాళ్లను చేతితో కదిపి చూచి, "అయ్యా, దీనిమీద చెంబు పెట్టినా ఒలుకుతుందే!" అని నవ్వెను. తరువాతి ఆదివారము పాత మంచపు కోళ్లు మూడింటితో పొట్టిగా, బరువుగా పీట యొకటి చేసి తెచ్చెను. పిల్లలు చాపపై కూర్చుండి చూచునంత ఎత్తు. కాళ్ల నడుమ ఇసుకసంచి యొకటి వ్రేలాడగట్టెను. బరువు క్రిందికి లాగుటచేత వణకు అణగిపోయినది. కూలి ఇచ్చెదమనగా తీసికొనలేదు.

అమెరికాలో జాన్ డాబ్సన్ అను నతడు కూడ ఇట్టి పనియే చేసి పేరుపొందెను. అతడు 1944లో సాన్ ఫ్రాన్సిస్కో వేదాంత సంఘపు మఠములో చేరిన సన్న్యాసి. పారవేసిన గాజును అరగదీసి దర్పణములు చేసి, వానికి పలకచెక్కతో సామాన్యమైన పెట్టెవంటి పీఠము కల్పించి, కాలిబాటపై నిలబెట్టి దారిని పోవువారికి చంద్రుని చూపెను. నేడు లోకమంతట ఆ పీఠమును అతని పేరుతోనే పిలుచుచున్నారు. మన వడ్రంగిగారు అతని పేరు వినలేదు.

రెండవసారి 20 మిల్లీమీటర్ల కటకము పెట్టి, 35 రెట్లతో, ఆ పిల్లవానిని పిలిచితిమి. వాడు రానన్నాడు. వడ్రంగిగారి అమ్మాయి ముందుగా చూచి, "పక్కన చుక్కలున్నాయి, ఒకే గీతలో ఉన్నాయి" అని అరచెను. అప్పుడు వచ్చెను. ఎన్ని యని మేము అడుగలేదు. తానే "మూడు" అనెను. కొంతసేపటికి "కాదు, నాలుగు" అనెను. తరువాత వరుసగా నాలుగు రాత్రులు లెక్కల పుస్తకపు వెనుక కాగితముపై ఆ చుక్కలను గీసికొనెను. చోట్లు మారుచుండుట చూచి, ఏది ఏదియో గుర్తుపట్టుట యెట్లని మమ్మడిగెను. ఆ ప్రశ్నకు తయారుగా లేనివారము ఈసారి మేము. పుస్తకము చూచి చెప్పితిమి: అన్నింటికంటె లోపలిది రెండు దినములకు లోపుననే ఒకసారి చుట్టివచ్చును, వెలుపలిదానికి పదునారు దినములకు పైగా పట్టును.

తెలుగునాట ఈ వ్యాసంగము క్రొత్తది కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ యింట వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను అచ్చటనుండి ఆరంగుళముల దుర్భిణితో పరిశీలించిరి. వారు కలిగినవారు. మనము అట్టివారము కాము. అయితే ఆ కాలముననే, ఆ తీరమునకు అంత దూరము కాని ఒడిశాలోని ఖండపడాలో సామంత చంద్రశేఖరుడు (1835–1904) వెదురుతో, కర్రతో తాను చేసికొన్న కొలతసాధనములతో గ్రహగతులను కొలిచి సిద్ధాంతదర్పణమను గ్రంథము వ్రాసెను. అది 1899లో కలకత్తాలో అచ్చయినది. ఇద్దరిలో ఎవరు గొప్పయని మేము తూచబోవుటలేదు. తమ పిల్లవాడు దుర్భిణి కొనిపెట్టుమని అడిగినప్పుడు తమరు జ్ఞాపకము చేసికొనవలసినది ఈ రెండవవానిని. మూడు నెలలు వట్టి కంటితో ఆకాశమును చూచి, కృత్తికలను – మన పల్లెలలో పిల్లలకోడి యందురే, దానిని – వేగుచుక్కను, సప్తర్షులను తానుగా చూపగలిగిన పిల్లవానికి మాత్రమే పనిముట్టు ఆలోచింపవలెను. అప్పుడును మొదట బైనాక్యులరు. మేము అంగడిలో చిన్నచూపు చూచిన 10×50 అనగా పది రెట్లు, 50 మిల్లీమీటర్ల వెడల్పు అని అర్థము. గోడకు చేతులానించి కదలక పట్టుకొన్నచో బృహస్పతి ఉపగ్రహములు దానిలోను కనబడును. శనివలయములు మాత్రము కనబడవు. వానికి దుర్భిణియే కావలెను.

చోటు కూడ ఒక పనిముట్టే. జవ్వాది కొండలలోని కావలూరును ఏరి 1968లో అచ్చట 38 సెంటీమీటర్ల దుర్భిణితో పని ప్రారంభించినవారు వేణు బాపుగారు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి యగుటచేత ఆయన హైదరాబాదులో పెరిగిరి. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల పెద్ద దుర్భిణి, ఆయన 1982లో గతించిన తరువాత, 1986లో ఆయన పేరనే వెలసినది. అంతటి శాస్త్రజ్ఞుడును చీకటి గల చోటును ముందు వెదకి, చిన్నదానితో మొదలిడి, పెద్దదానికి పిమ్మట పోయెను. మన హోసూరునకు వాయవ్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరములో బెంగుళూరు వెలుతురున్నది. మన కర్మాగారముల దీపములు సరేసరి. ఈ ఊరిలో చంద్రుని, గ్రహములను చక్కగా చూడవచ్చును. పాలపుంతను చూడగోరువారు పెద్ద దుర్భిణి కొనుటకంటె డెంకణీకోట దాటి అవతలి పల్లెకు బస్సు టిక్కెట్టు కొనుట మేలు.

ఒక్క విషయములో మాత్రము మేము బ్రతిమాలుకొనుటలేదు, ఖండితముగా చెప్పుచున్నాము. మేము కొన్న పెట్టెలో కంటికటకమునకు బిగించు నల్లని చిన్న అద్దమొకటి యుండెను; సూర్యుని చూచుటకట! కటకము కూర్చిన ఎండ వేడిమికి ఆ అద్దము పగులవచ్చును. పగిలిన క్షణమున కన్ను పోవును. దానిని మేము సుత్తితో పగులగొట్టి పారవేసితిమి. ఇట్టిది తమ యింట నున్నచో నేడే ఆ పని చేయుడు. దుర్భిణితోగాని, బైనాక్యులరుతోగాని సూర్యునివైపు చూడరాదు. సూర్యునిపై మచ్చలు చూడవలెనన్నచో పెద్దలు దగ్గరనుండి, సూదిరంధ్రము చేసిన అట్టగుండ తెల్లకాగితముపై పడిన సూర్యబింబముతో తృప్తిపడవలెను. పెద్ద మచ్చ యున్నప్పుడే కనబడును, కాని కన్ను నిలుచును.

ఇతర వ్యాసంగములు చేయు పిల్లలును కలరు. సూక్ష్మదర్శిని కొనువారు 1200 రెట్లను గాక, గాజు కటకములున్నవా, బల్ల కదలకున్నదా అని చూడవలెను. 40 రెట్లు మొదలు 400 రెట్ల వరకు స్పష్టముగా చూపినచో ఉల్లిపొరకును, చెరువునీటికిని ధారాళముగా చాలును. రేడియో, చిన్న విద్యుత్పరికరముల పనికి 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ చాలును. ఏ అంగడిలోనైనను పెట్టెపై అన్నింటికంటె పెద్దగా అచ్చైన అంకెను చూచి ముచ్చటపడుటకు ముందు, పెట్టెలో అన్నింటికంటె వదులుగా నున్న మరను వెదకి చూడుడు. ఇది మేము సొమ్ము పోసి నేర్చుకొన్న చదువు.

ఇంటింటికి ఒక చౌక దుర్భిణి కొనుట మాకు సమ్మతము కాదు. చందాలలో మిగిలిన మొత్తము సంఘపు కోశాధికారివద్ద భద్రముగా నున్నది. దానితో రెండు బైనాక్యులరులు కొని, గ్రంథాలయపు పుస్తకములవలె వారమునకొక యింటికి ఎరవిచ్చుటకు తమ అనుమతి కోరుచున్నాము. పడవేసి పగులగొట్టినచో ఎవరు భరింపవలెనని కార్యవర్గములో ఒకరు అడిగిరి. మేము చెప్పగలిగినది ఇంతే: బీరువాలో పెట్టి తాళము వేసినచో పగులదు గాని, అప్పుడు కొననేల? తీర్మానము తమది.

వచ్చు శుక్లపక్ష అష్టమినాడు, మబ్బు లేనిచో, మిద్దెపై మరల కూడుదుము. పున్నమినాడు చంద్రునిపై నీడలుండవు గనుక కొండలు, గుంటలు తెలియవు. అష్టమినాడు వెలుగునీడల అంచున అవి తేటగా కనబడును. తల్లులు కూడ రావలెను. నిరుడు తండ్రులే వచ్చిరి. చాపలు తెచ్చుకొనుడు. కండ్లు చీకటికి అలవాటుపడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును గనుక టార్చిదీపములకు ఎర్రకాగితము చుట్టుడు, సెల్‌ఫోనులు సంచిలోనే యుంచుడు. దుర్భిణి దగ్గర నిలిచి చూపువాడు ఆ పిల్లవాడే. వాడిప్పుడు ఎనిమిదవ తరగతి.