ఇంటి కాపుదల



నేను ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. తాళములను గూర్చియు కెమెరాలను గూర్చియు మాటలాడుటకు ఈ పంతులకేమి యధికారమని మీకు తోపవచ్చును. శాస్త్రాధికారము నాకు లేదు. దెబ్బతినినవాని యధికారము మాత్రము కలదు. ఆ దెబ్బ యెట్టిదో మనవి చేసి, దానివలన నేర్చుకొనినది మీ ముందుంచుటయే నేటి ప్రసంగోద్దేశము.

శూద్రకుని మృచ్ఛకటికమును మీలో పెక్కురు చదివియుందురు. అందు తృతీయాంకమున శర్విలకుడనువాడు చారుదత్తుని యింటికి కన్నము వేయుటకు వచ్చును. వచ్చినవాడు వెంటనే త్రవ్వుటకు పూనుకొనడు. ముందుగా గోడను పరీక్షించును. నిత్యము సూర్యునకు అర్ఘ్యమిచ్చు నీటిచే తడిసి, చవుడు తిని మెత్తబడిన చోటు వానికి కనబడును. అచ్చటనే ఎలుకలు తోడిన మట్టియు నుండును. పని సులభమని వాడు సంతసించును. పాఠము చెప్పునప్పుడు ఈ ఘట్టముతో పిల్లలను నవ్వించెడివాడను. ఆ చవుడు తినిన గోడ యింటివారి కన్నుల యెదుటనే యుండెనను మాట మాత్రము నాకెన్నడును తట్టలేదు. ఇంటివాడు చూచియు చూడనిదానినే దొంగ చూచును. నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతయు దీనికి వ్యాఖ్యానము.

మా యూరి గ్రంథాలయమునకు నేను కార్యదర్శిని. 2017లో ఒక పెద్దాయన తమ వంశమున తరతరములుగా నున్న వైద్యగ్రంథములు, తాళపత్రములు మూడు కట్టలు తెచ్చి, "పంతులుగారూ, మా పిల్లలు పట్టణములలో స్థిరపడినారు. వారికివి చదువరావు. మీ చేతిలో పెట్టుచున్నాను" అని నాకప్పగించిరి. వానిని ఇనుపపట్టీలు వేసిన టేకుపెట్టెలో భద్రపఱచితిమి. చందాలు పోగుచేసి నాలుగు కెమెరాలను, దృశ్యములను నిలువచేయు యంత్రమును కొంటిమి. వీధితలుపునకు పెద్ద తాళపుకప్ప తెప్పించితిమి. ఇక భయము లేదనుకొంటిమి.

2019 వర్షాకాలమున ఒకరాత్రి దొంగ వచ్చెను. వీధితలుపు తాళమును వాడు తాకనైన తాకలేదు. పెరటి కిటికీ ఊచలు అడుగున త్రుప్పుతిని పుల్లలవలె సన్నగిలియుండెను. రెండూచలు వంచి లోపలికి ప్రవేశించెను. ఆ త్రుప్పును నేను వేసవిలోనే చూచితిని. సున్నము వేయించునప్పుడు చూతములే యని యూరకుంటిని. పోలీసువారు వచ్చి కెమెరా దృశ్యములు చూపుమనిరి. యంత్రమును తెఱచి చూడగా, కడపటి దృశ్యము అయిదు నెలల క్రిందటిది. లోపలి హార్డు డిస్కు చెడిపోయినది. తెరమీద బొమ్మ ప్రతిదినము కనబడుచునే యుండెను గనుక, అది నిలువయు నగుచున్నదని మేమందఱము నమ్మితిమి. కనబడుట వేఱు, నిలువయగుట వేఱు అని అప్పుడు తెలిసినది.

పెట్టెలో ధనమున్నదనుకొని కాబోలు, దొంగ దానిని మోసికొనిపోయెను. మూడవనాడు కాలువగట్టున అది పగిలి దొరకినది. ఆకులు కొన్ని నీటిలోను, కొన్ని బురదలోను పడియుండెను. నీడన ఆరబెట్టి, ఒక్కొక్కటిగా విడదీసి రెండు కట్టలు దక్కించుకొంటిమి. మూడవదానిలో సగమునకు పైగా పోయినది. ఆ పెద్దాయనకు ఈ సంగతి చెప్పుటకు నేనే వెళ్లితిని. ఆయన కొంతసేపు మౌనముగానుండి, "పోనిండు పంతులుగారూ, మీరేమి చేయుదురు!" అనిరి. తిట్టినను ఇంత బాధ కలుగకుండెడిది. నేను చేయదగినది ఉండెను, చేయలేదు. నాటకమున చారుదత్తుడు దుఃఖించినదియు తన సొమ్మునకు కాదు. పోయినది వసంతసేన నమ్మి దాచుకొనిన నగలమూట.

నాటినుండి తెలిసినవారిని అడిగియు, పనివాండ్ర ప్రక్కన కూర్చుండి చూచియు కొంత నేర్చుకొంటిని. కాపుదలయనునది మూడు పనుల కూడిక: దొంగకు ఆలస్యము కలిగించుట, వాడు వచ్చిన సంగతి తెలియజేయుట, తెలిసినపిమ్మట ఎవరో యొకరు వచ్చుట. వీనిలో ఒకటి లోపించినను తక్కిన రెండును వ్యర్థము.

తాళము ఆలస్యమే గాని అభయము గాదు. లండను నగరమున బ్రామా అను శిల్పి చేసిన తాళము దశాబ్దములపాటు ఎవరికిని లొంగక, తెఱచినవారికి 200 గినీల బహుమతి యను ప్రకటనతో దుకాణపు కిటికీలో నుండెను. 1851లో హాబ్స్ అను అమెరికా దేశస్థుడు దానిని తెఱచెను. అయితే వానికి 16 దినములలో 51 గంటల పని పట్టినది. మన దొంగకు అంత తీరిక యుండదు. కొన్ని నిమిషములు గట్టిగా అడ్డుపడి చప్పుడు చేయించు తలుపే మంచి తలుపు. కాబట్టి తాళము వెలనే చూడక, అది దేనిని పట్టుకొనియున్నదో చూడుడు. పొట్టి మరమేకులతో బిగించిన గొళ్ళెమునకు ఎంత గొప్ప తాళము వేసినను, ఇనుపకమ్మితో గొళ్ళెమే యూడివచ్చును. తలుపు దళసరిలో నుండి దూర్చి, లోపలివైపు నట్టు బిగించిన బోల్టులు వేయింపుడు. చెదలు తినిన ద్వారబంధమును ముందు బాగుచేయింపుడు. పెరటి తలుపును, డాబా మెట్ల తలుపును వీధితలుపుతో సమానముగా చూడుడు.

ఒక హెచ్చరిక. దొంగకు భయపడి మనలను మనమే బంధించుకొనరాదు. నిప్పంటుకొనిననాడు లోపలివారు బయటపడవలెను. కిటికీ కమ్ములలో ఒకటైనను లోపలనుండి తెఱచుటకు వీలుగానుండవలెను. దాని తాళముచెవి లోపలివారికి చీకటిలోను అందవలెను. బయటినుండి చేయి చాచినవానికి అందరాదు.

తెలియజేయు సాధనములలో సులభమైనది తలుపుగంట. తలుపునకొక అయస్కాంతపు బిళ్ళ, ద్వారబంధమునకు దాని జత యుండును. రెండును ఎడబడినంతనే గంట మ్రోగును. కదలికను పసిగట్టు యంత్రములును కలవు గాని, సరిగా అమర్చనిచో పిల్లి తిరిగినను మ్రోగును. నాలుగు రాత్రులు నిద్ర చెడినపిమ్మట ఇంటివారు దానిని కట్టివేయుదురు. అట్టిది కొనకుండుటయే మేలు.

కెమెరా పెట్టదలచినచో, నలుమూలల మింటికెత్తి పెట్టుటకంటె, ప్రతివాడును దాటవలసిన ద్వారముకడ ముఖము తెలియునట్లు ఒకటి పెట్టుట మేలు. చూరునంటి పెట్టినచో తలపాగాలే కనబడును. ఉదయసాయంకాలములందు సూర్యునకు ఎదురుగా నుండరాదు. నిలువచేయు యంత్రమును వచ్చినవాని కంటబడు బల్లమీద పెట్టక, తాళము వేసిన అలమారలో నుంచవలెను. కరెంటు పోయిననాడు నడచుటకు ఇన్వర్టరుండవలెను. కొనునప్పుడు యంత్రముతో వచ్చిన పాస్‌వర్డును ఆనాడే మార్చుకొనవలెను. అది ఊరందఱికిని తెలిసిన తాళముచెవి వంటిది. దేవాలయములకును, కల్యాణమండపములకును పెద్దలుగా నున్నవారు మఱియొకటి గమనింపవలెను. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చేసిన ప్రజాభద్రతా చట్టము, జనులు పెద్దసంఖ్యలో చేరు స్థలములలో కెమెరాలుంచి, దృశ్యములను 30 దినములు భద్రపఱుపవలెనని నిర్దేశించినది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, కొనినపిమ్మటి పని. మా గ్రంథాలయమున ప్రతి అమావాస్యనాడు పరీక్ష జరుగును. తిథి మఱచుట కష్టము. చీకటిరాత్రి గనుక కెమెరా చూపు ఏపాటిదో ఆనాడే తేలును. పగటివేళ మొదట కట్టడము చుట్టును నడతుము. దొంగనైనచో నెచ్చట ప్రవేశింతునని ప్రశ్నించుకొందుము. ఊచలను చేతితో పట్టి కుదుపుదుము. గొళ్ళెముల మరలను బిగింతుము. తాళములలో వంటనూనె పోయము. దానికి దుమ్ము పట్టి జిగురగును. పెన్సిలు ములికిని పొడిచేసి చల్లుదుము. చీకటిపడినపిమ్మట నిన్నటిరాత్రి దృశ్యమును వెదకి చూతుము. గడియారము సరిగా నున్నదో లేదో పోల్చుదుము. కెమెరా అద్దముమీది సాలెగూడును మెత్తని గుడ్డతో తుడుతుము. రాత్రివేళ దానిమీద వెలుగుపడి బొమ్మయంతయు తెల్లబారును. కరెంటు ఆపి, యంత్రము నడచునో ఆగునో చూతుము. చూచినదంతయు నోటుపుస్తకమున వ్రాసి సంతకము చేయుదుము. మొత్తము గంటసేపటి పని.

తాళముచెవులను గూర్చి ఒక్కమాట. చూరులోను, పూలకుండీ క్రిందను దాచిన తాళముచెవి దాచినది కాదు. ఎన్ని చెవులున్నవి, ఎవరియొద్ద నున్నవి అను లెక్క యుండవలెను. ఒకటి కనబడకపోయినచో తాళమునే మార్చవలెను. ఆ నాటకమున గోడ త్రవ్వి లోపలికి వచ్చిన దొంగ చేతికి నగలమూటను అందించినది ఎవరు? నిద్రమత్తులోనున్న ఇంటి స్నేహితుడు మైత్రేయుడే.

పూర్వము గ్రామమున తలారి యుండెను. రాత్రి గస్తీ యుండెను. ఇప్పుడు గంట మ్రోగినచో లేచి వచ్చువారెవరో ముందుగా నిర్ణయించుకొనవలెను. ఇరుగుపొరుగు రెండిండ్లవారితో మాట యనుకొనుడు. దొంగకు ఒంటరిగా ఎదురుపడక, 112 సంఖ్యకు ఫోను చేయుడు. ఊరు వెళ్లునప్పుడు ఆ సంగతి నమ్మినవారికి మాత్రమే చెప్పుడు.

మిగిలిన తాళపత్రములు ఇప్పుడు మా గ్రంథాలయముననే యున్నవి. సగము పోయిన మూడవ కట్టను ప్రత్యేకముగా ఒక వస్త్రమున చుట్టి, అమావాస్య పరీక్ష వ్రాయు పుస్తకము ప్రక్కనే యుంచితిని. పుస్తకము తెఱచినప్పుడెల్ల అది నా కంటబడును.

ఈ రాత్రి తలుపులు వేయుటకు ముందు, మీరును ఒకసారి పెరటివైపు నడచి రండు. ఎన్నాళ్లనుండియో చూచుచు ఊరకున్నది ఏదో యొకటి అచ్చట మీకు కనబడకపోదు. దానిని రేపే బాగుచేయింపుడు.

సెలవు.