యుద్ధకాలపు కెమెరాలు: నిజానిజ నిర్ణయము
(బంట్వారము గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పాత కెమెరాలను సేకరించుట నా వ్యాసంగము. అందును యుద్ధకాలమున సైన్యములు వాడిన కెమెరాలయందు నాకు విశేషాసక్తి. గ్రంథాలయ సభలో కెమెరాల ప్రసక్తి యేలయని కొందఱు మిత్రులు అడిగినారు. ఒక వస్తువు తన్ను గూర్చి చెప్పుకొను మాట నిజమా, అబద్ధమా అని తేల్చు పద్ధతి కెమెరాకు ఎంత అవసరమో పుస్తకమునకును, దస్తావేజునకును, వార్తకును అంతే అవసరము. కనుక ఈ విషయము ఈ సభకు తగినదే అని నా తలంపు.

ముందుగా, మనకును ఆ కెమెరాలకును గల సంబంధమును మనవి చేసెదను. మొదటి ప్రపంచయుద్ధకాలమున నైజాము ప్రభువు ఇచ్చిన ధనముతో బ్రిటిషు వాయుసేనలోని 110వ దళమునకు విమానములు సమకూడినవి. ఆ దళమునకు హైదరాబాదు పేరు నిలిచినది. బ్రిటను రెండవ యుద్ధమున ప్రవేశించిన మఱునాడే, అనగా 1939 సెప్టెంబరు 4న, జర్మనీ తీరముపై జరిగిన తొలి దాడిలో ఆ దళపు విమానములు పాల్గొనినవి. 152వ, 253వ దళములకు సైతము హైదరాబాదు పేరు కలదు. 152వ దళపు చిహ్నములో నైజాము తలపాగా ఉండెడిది. ఆ దళము 1943 చివర భారతదేశమునకు వచ్చి బర్మా రంగమున పోరాడినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము పైనను, కాకినాడ పైనను జపానువారి బాంబులు పడిన సంగతి పెద్దలెఱుగుదురు. యుద్ధము మనకు దూరపు వార్త మాత్రమే కాలేదు.

ఆనాటి విమానములకు తుపాకి యెంత ముఖ్యమో కెమెరా అంత ముఖ్యము. శత్రువుల వంతెనలు, రైలుమార్గములు, ఓడరేవులు ఎచట నున్నవో పైనుండి పటము తీసి చూచినగాని తెలియదు. బ్రిటిషువారు ఇందులకు 'ఎఫ్ 24' అను పెద్ద కెమెరాను వాడిరి; అది అయిదంగుళముల చదరపు బొమ్మను తీయును. పోరాట విమానముల ఱెక్కలలో 'జి 45' అను చిన్న యంత్రము నమర్చెడివారు. విమానచోదకుడు తుపాకి మీట నొక్కగనే అదియు తిరిగి, 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మలు తీయును. 'నేను కూల్చితిని' అను మాటకు సాక్ష్యము ఆ ఫిల్మే. ఈ విధముగా, నిజమును నిర్ణయించుటకై పుట్టిన యంత్రమునే ఇప్పుడు నిజమైనదా కాదా అని మనము పరీక్షింపవలసి వచ్చినది!

యుద్ధము ముగియగనే మిగులు సామగ్రిని 'డిస్పోజల్స్' పేరిట అమ్మివేసిరి. దుప్పట్లు, బూట్లు, దుర్భిణులు, కెమెరాలు ఊరూర అంగళ్లకెక్కినవి. మద్రాసులో మూరుమార్కెట్టు 1985లో కాలిపోవువఱకు ఇట్టివాటికి నెలవు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు నేటికిని పాతవస్తువుల సంత. మాజీ సైనికుల యిండ్లలోని ఇనుపపెట్టెలలో నుండియు అప్పుడప్పుడు ఒకటి బయటపడుచుండును.

ధర పెరిగినచోట నకిలీ పుట్టును. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు పెట్టి వేఱొక నేల కందులను అమ్మజూపువాడు ఉండునా, ఉండడా మీరే చెప్పుడు. కెమెరాలలో అట్టి పెద్దపేరు 'లైకా'. ఇది జర్మనీలోని వెట్‌స్లార్ పట్టణమున ఆస్కార్ బార్నాక్ అను శిల్పి కల్పించిన యంత్రము. 1925లో లోకమునకు తెలిసినది. బార్నాక్ స్వయముగా వాడుకొనిన తొలినాటి లైకా ఒకటి 2022లో వేలమున కోటి నలుబది నాలుగు లక్షల యూరోలు పలికినది. రెండవ యుద్ధమున జర్మను వాయుసేన లైకాలను కొని, కొన్నిటి వెనుక 'లుఫ్ట్‌వాఫెన్ ఐగెన్‌టూమ్', అనగా 'వాయుసేన సొత్తు' అని చెక్కించినది. స్ప్రింగుమీద తిరుగు 'రోబో' కెమెరాలపైనను ఆ మాట కనిపించును. ఒకేసారి పది మీటర్ల ఫిల్మును నింపుకొని 250 బొమ్మలు తీయు లైకా మఱియొకటి కలదు. అట్టివి మొత్తము వేయికి లోపుగనే తయారైనవి. ఇట్టి అరుదైనవాటి కొఱకు సేకరణకర్తలు వెదకుదురు. వారి కొఱకు మోసగాండ్రు వెదకుదురు.

ఇక నకిలీ యెట్లు తయారగునో వినుడు. ఈ కథలో నా మనస్సును మిక్కిలి కలచివేసిన అంశ మొకటి కలదు. సోవియట్ దేశమున అంతర్యుద్ధము తరువాత దిక్కులేని బాలబాలికలు వీధుల పాలైరి. అట్టివారి కొఱకు ఖార్కోవ్ నగరము చెంత 1927లో ఒక శ్రమనివాసము వెలసినది. దానిని నడిపినవాడు సుప్రసిద్ధ విద్యావేత్త మకరెంకో. ఆ పిల్లలు చదువుచు, పనిచేయుచు, 1934 నుండి లైకాను పోలిన 'ఫెడ్' అను కెమెరాలను తయారుచేసిరి. 1941లో జర్మనులు ఖార్కోవును ఆక్రమించిరి. కర్మాగారమును సైబీరియాలోని బెర్ద్‌స్క్‌కు తరలింపవలసి వచ్చినది. యుద్ధానంతరము 1948 నుండి 'జోర్కీ' అను పేరనుకూడ అదే తీరు కెమెరాలు మాస్కో సమీపమున తయారైనవి.

నేటి మోసగాడు చేయునదేమి? చౌకగా దొరకు ఫెడ్‌నో, జోర్కీనో కొని, దాని పేరును అరగదీసి, 'లైకా' అని చెక్కి, జర్మను గ్రద్ద గుర్తును, స్వస్తికమును వేసి, కొన్నిటికి బంగారుపూత పూసి, 'జర్మను సేనాపతి వాడిన యంత్రము' అని కథ కట్టును. అనాథ బాలుర శ్రమతో ఆరంభమైన వంశపు పేరును తుడిచి, వారి నగరమును ధ్వంసము చేసినవారి ముద్రను దానిపై కొట్టుట! కొన్నవాని డబ్బు పోవుట ఒక నష్టము. ఇది అంతకన్న పెద్ద నష్టము. ఒక అబద్ధము నిలుచుటకై ఒక నిజము చెరిగిపోయినది.

ఇట్టివాటిని కనిపెట్టుటకు నేను పాటించు క్రమమును చెప్పెదను.

మొదటిది, యంత్రమును చూడుము, వ్రాత తరువాత. జర్మను వాయుసేన గుర్తులు గల లైకాలలో ఎక్కువపాలు 1940లో వెలువడిన 'మూడు సి' అను నమూనావి. దాని ముందువైపున మందవేగములకు వేఱుగా చిన్న చక్రముండును. తొలి ఫెడ్‌కు, తొలి జోర్కీకి అది లేదు. పిదప కటకమును మరత్రిప్పి తీసి లోపలికి చూడవలయును. దూరమును కొలుచు పరికరపు చిన్న చేయి ఒకటి అచట కనిపించును. లైకాలో ఆ చేతి కొనయందు గుండ్రని చిన్న చక్రము తిరుగుచుండును; ఫెడ్‌లో తిరుగని ముక్క మాత్రమే ఉండును. పై చెక్కుడును మార్చిన మోసగాడు లోపలి ఈ అంగమును మార్చుటకు సాధారణముగా శ్రమపడడు. నగరమున ఒక వర్తకుడు నాకు బంగారు లైకాను చూపి గంటసేపు దాని చరిత్రను వర్ణించినాడు. నేను కటకము తీసి లోపల చూపి, "అయ్యా, దీని చేయి రష్యా చేయి" అంటిని. ఆయన నవ్వి, "బొమ్మ మాత్రము బాగుగనే పడును సార్" అనెను. ఆ మాట నిజమే!

రెండవది, అంకెలను చూడుము. వెట్‌స్లార్‌వారు ప్రతి కెమెరాకు క్రమసంఖ్య నిచ్చి, ఏది ఏనాడు ఎచటికి పంపిరో పుస్తకములలో వ్రాసి ఉంచిరి. సంఖ్య ఒక నమూనాకు, ఒడలు మఱొక నమూనాకు చెందినచో, రెండింటిలో ఒకటి అబద్ధము. అమెరికాకు చెందిన కొడాక్‌వారు తమ కటకములపై సంవత్సరమును అక్షరములలో దాచిరి. సి, ఏ, ఎం, ఇ, ఆర్, ఓ, ఎస్, ఐ, టి, వై అను పదియక్షరములు వరుసగా 1 మొదలు 9 వఱకును, తుదిది సున్నకును గుర్తులు. కటకముపై 'ఇ ఎం' అని ఉన్న 43, అనగా 1943. 'ఇ ఎస్' అని ఉన్న 1947. 'నార్మండీ తీరమున 1944లో దిగిన కెమెరా' అని చెప్పి, 'ఇ ఎస్' కటకమును చూపినచో, కటకమైనను తరువాత మార్చినదై యుండవలయును, కథయైనను కల్పితమై యుండవలయును.

మూడవది, ముద్రలను చూడుము. బ్రిటిషు ప్రభుత్వపు సొత్తుపై బాణపు గుర్తుండును. భారతదేశపు సైనిక సామగ్రిపై ఆ బాణముతోపాటు 'ఐ' అను అక్షరము కనిపించును. రెండు బాణములను కొనకు కొన తగులునట్లు కొట్టినచో, ఆ వస్తువును ప్రభుత్వము అమ్మివేసినదని అర్థము. వాయుసేనవారి ఛాయాగ్రహణ సామగ్రి సంఖ్యలు '14 ఏ' తో ఆరంభమగును. సైన్యము తన వస్తువుపై వేయు ముద్రలు లెక్క కొఱకు. అవి చిన్నవి, పొదుపైనవి. గ్రద్దలు, పుఱ్ఱెలు, పెద్ద పెద్ద బిరుదులు ఒకేచోట కుప్పగా కనిపించినచో, అవి కొనువాని కన్నుల కొఱకు చెక్కినవని అనుమానింపవలయును.

నాలుగవది, అరుగుదలను చూడుము. చేతులు తగులుచోట పూత అరుగును; మూలలయందు ఇత్తడి బయటపడును. ఆ అరుగుదల అక్షరములపైనుండియు సాగవలయును. ఒడలెల్ల అరిగి, అక్షరములు మాత్రము నిన్న చెక్కినట్లు పదునుగా ఉన్నచో, ఒడలు ముసలిది, అక్షరము పసిది.

అయిదవది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో విచారింపుము. సైనికుని సేవాపుస్తకము, ఒక ఉత్తరము, ఆ కెమెరాతో తీసిన ఫోటో, కొన్ననాటి రసీదు — ఇవి నోటిమాటకన్న బలమైనవి. 'మా తాత చెప్పినాడు' అను మాటను త్రోసివేయగూడదు, దానినొక్కదానినే నమ్మగూడదు.

గ్రంథాలయ సభ్యులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. మన పుస్తకముపై ముద్ర యుండును, సంఖ్య యుండును, ఆ సంఖ్య ప్రవేశపట్టికలో నుండును. లోపలి పుటలో ఎవరికిని తెలియని తావున మఱొక ముద్ర యుండును. అన్నియు ఏకమైనచో అది మన పుస్తకమే. ఎవరైన అట్ట మార్చినను లోపలి పుట నిజము పలుకును. కెమెరా పరీక్షయు ఇంతియే.

ఐతే ఒక హెచ్చరిక. వింతగా కనిపించినదెల్ల నకిలీ యని త్రోసివేయుట సైతము అజ్ఞానమే. యుద్ధకాలమున క్రోమియము కొఱత వలన లైకాలు కొన్ని బూడిదరంగు పూతతో వచ్చినవి. నల్లని గుడ్డ దొరకక కొన్నింటి లోపలి తెరలకు ఎఱ్ఱని గుడ్డను వేసిరి. తెలియనివాడు ఆ ఎఱ్ఱతెరను చూచి 'ఎవడో అతుకు వేసినాడు' అని పారవేయును. తెలిసినవాడు అదే నిజమునకు గుర్తని దాచుకొనును. కనుక నా పట్టికలో మూడు గడులు ఉంచుకొంటిని: నిజము, అబద్ధము, తేలనిది. మూడవ గడిని నింపుటకు సిగ్గుపడనివాడే పరీక్షకు అర్హుడు.

'హింసకు గుర్తులైన ఆ ముద్రలను దాచుకొనుట తగునా?' అని ఒక యువకుడు నన్నడిగినాడు. తగిన ప్రశ్న. పూజించుటకు దాచుట తప్పు. సాక్ష్యముగా దాచుట అవసరము. సాక్ష్యమనునది నిజమైనదై యుండవలయును. నకిలీలు పెరిగినకొలది, 'ఇవన్నియు కల్పనలే' అని అసలు దారుణములను సైతము కాదనువారికి బలము చేకూరును. యుద్ధమున పోయినవారికి మనము చేయగల మర్యాదలలో వారిని గూర్చి అబద్ధము చెప్పకుండుట మొదటిది.

చివరగా, మన గ్రామములవారికి నా మనవి. మీ యింట పాత కెమెరాగాని, దుర్భిణిగాని, పతకముగాని ఉన్నచో చింతపండుతోను, ఇసుకతోను తోమవలదు. ఆ మఱకలోనే దాని వయస్సున్నది. లోపల ఫిల్మున్నట్లు తోచినచో వెలుతురులో తెఱువవలదు. తోలుసంచిని, చీటీలను, ఉత్తరములను వేఱు చేయవలదు. పాతఫోటోల వెనుక ఉన్న వ్యక్తి పేరును, ఊరిని, తెలిసిన సంవత్సరమును మెత్తని పెన్సిలుతో వ్రాసి ఉంచుడు. తొందరపెట్టు బేరగానికి ఆనాడే అమ్మవలదు, మఱునాడు రమ్మనుడు. నిజమైన బేరము మఱునాటికి చెడదు.

ఈ గ్రంథాలయమున ఒక పట్టికను తెఱచి, గ్రామములోని ఇట్టి వస్తువుల వివరములను, ఎవరి యింట ఏది యున్నదో, దానిని గూర్చి పెద్దలు చెప్పునదేమో వ్రాయించిన మేలగును. వస్తువు ఇంటివారి యొద్దనే యుండుగాక. మాట మాత్రము గ్రంథాలయమున నిలుచును. ఆ పట్టికలో చూచిన సంగతిని, విన్న సంగతిని వేఱువేఱు గడులలో వ్రాయవలయునని నా విజ్ఞప్తి. ఇరువదియైదేండ్లు పుస్తకములను లెక్కతప్పక కాపాడిన ఈ సంస్థకు ఆ పని కష్టము కాదు.