పాత హెడ్‌ఫోనుల మ్రోతను అణచుట ఎట్లు?



కొన్ని ఇండ్లలో అటకమీదనో, బీరువా అడుగుననో ఒక పాత హెడ్‌ఫోను పడియుండును. అది స్ఫటికముతో పనిచేసిన తొలినాటి రేడియోకు చెందినది కావచ్చును. 1970 తరువాత వచ్చిన స్టీరియో హెడ్‌ఫోను కావచ్చును. దుమ్ము దులిపి చెవులకు తగిలించుకొనినచో నేటికిని పలుకును. కాని ఆ పలుకు రేకు డబ్బాలోనుండి వచ్చినట్లు తోచును. గాయకుని గొంతు ఒక స్థాయిలో కీచుమనును; మరియొక స్థాయిలో గుమ్మనును. ఇట్టి హెడ్‌ఫోను లోపల కొంచెము దూదియో, ఫెల్టు ముక్కయో అమర్చి ధ్వనిని బాగుచేయు పద్ధతి ఒకటి కలదు. అది ఏల పనిచేయును, ఎంతవరకు పనిచేయును, ఎక్కడ మనము ఆగవలెను అను మూడు విషయములను నేడు ముచ్చటింతము.

హెడ్‌ఫోనులో ధ్వనిని పుట్టించునది ఒక పలుచని పొర. విద్యుత్తు ఆ పొరను కదల్చును. పొర గాలిని కదల్చును. గాలి మన కర్ణభేరిని కదల్చును. విద్యుత్తు ఆగిన వెంటనే పొరయు ఆగవలెను. కాని అది ఆగదు. వంటింటిలోని కంచు పళ్లెమును ఒకసారి వ్రేలితో కొట్టి చూడుడు. దెబ్బ క్షణములో ముగిసినను పళ్లెము తన సొంత స్వరముతో కొంతసేపు మ్రోగుచునే యుండును. అంచున వ్రేలు మోపినచో ఆ మ్రోత ఆగును. ప్రతి వస్తువునకును ఇట్టి సొంత స్వరము కలదు. అదే స్వరము బయటినుండి వచ్చి తాకినపుడు ఆ వస్తువు మిక్కిలిగా కంపించును. దీనిని శాస్త్రజ్ఞులు అనునాదమందురు. హెడ్‌ఫోను పొరకును, దానిని మూసిన గిన్నెకును, గిన్నెలోని గాలికిని వేరువేరు సొంత స్వరములు కలవు. పాటలో ఆ స్వరము వచ్చినప్పుడెల్ల అది అకారణముగా పొంగును. తరువాతి అక్షరము వచ్చునప్పటికి వెనుకటి అక్షరపు తోక ఇంకను మిగిలియుండును. పాత హెడ్‌ఫోనులో మాట అస్పష్టముగా వినబడుటకు చాలవరకు ఈ తోకయే కారణము.

పళ్లెముపై మోపిన వ్రేలు చేయు పనినే ఫెల్టును, దూదియు చేయును. సన్నని పోగుల సందులలో గాలి ఒరసికొనుచు పోవునపుడు దాని కదలికలోని శక్తి అత్యల్పమైన వేడిగా మారిపోవును. రేడియో స్టూడియోల గోడలకు రంధ్రముల పలకలను, వాని వెనుక మెత్తని పీచును అమర్చుటలోని సూత్రమును ఇదియే. మా స్టూడియోలో చప్పట్లు కొట్టినచో చప్పుడు అక్కడనే అణగును; సామాను లేని గదిలో కొట్టినచో గోడనుండి గోడకు తిరుగును. హెడ్‌ఫోను గిన్నె పిడికెడంత గది అనుకొనినచో విషయము బోధపడును. అణచెడి పదార్థము ధ్వనికి ఏమియు కలుపదు; ఉన్నదానిలో కొంత తీసివేయును. అందుచేత ఏది ఎక్కువైనదో తెలిసికొనకుండ చేయి పెట్టరాదు.

ఈ వైద్యము అన్ని హెడ్‌ఫోనులకును ఒకే విధముగా పనికిరాదు. తొలినాటి హెడ్‌ఫోనులు సంగీతమునకై పుట్టినవి కావు. అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నథానియల్ బాల్డ్విన్ 1910లో తాను తయారుచేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. ఆనాడు వానిలో వినవలసినవి తంతిలేని వార్తల మోర్స్ సంకేతములు. ఆ కాలమున విరివిగా వాడిన హెడ్‌ఫోనులలో అయస్కాంతము ముందు ఒక పలుచని ఇనుప బిళ్ల యుండును. సెకండుకు సుమారు 1000 కంపనముల ప్రాంతమున ఆ బిళ్ల గట్టిగా పలుకును. సంకేతమును వినువానికి ఆ పొంగు దోషము కాదు, సాయము. అదియునుగాక స్ఫటికపు రేడియోకు బ్యాటరీ లేదు. ఏరియల్ పట్టి తెచ్చిన శక్తియే దానికి ఆధారము. అట్టి హెడ్‌ఫోనులో మెత్తని ముక్కలు పెట్టినచో అసలే సన్నని ధ్వని మరింత సన్నబడును. కావున ఇనుప బిళ్లల జోలికి పోకుండుట మేలు. బిళ్ల కొంచెము వంగినను, అయస్కాంతమునకు దానికి నడుమ గల సన్నని సందు చెడిపోవును. వీనిని పాత వాల్వు రేడియోలకు నేరుగా తగిలింపరాదు. కొన్ని రేడియోలలో హెడ్‌ఫోను తీగలవరకు ప్రమాదకరమైన వోల్టేజి వచ్చును.

సంగీతము కొరకు చేసిన హెడ్‌ఫోనుల సంగతి వేరు. 1937లో జర్మనీలోని బేయర్ సంస్థ తీగచుట్ట కదిలెడి డిటి 48 హెడ్‌ఫోనును వెలువరించినది. 1958లో మిల్వాకీ నగరమున జాన్ కాస్ స్టీరియో సంగీతమునకై హెడ్‌ఫోనును ప్రవేశపెట్టెను. 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 414 వెనుకవైపు తెరచియున్నది. దానిలో గాలికి బయటికి దారి కలదు గనుక లోపల దూది కూరుట ఆ నిర్మాణపు ఉద్దేశమునకే విరుద్ధము.

ఈ వైద్యమునకు మిక్కిలి అనువైనది 1976లో యమహా సంస్థ తెచ్చిన హెచ్‌పి-1 వంటి హెడ్‌ఫోను. దాని ఆకృతిని ఇటలీ దేశపు శిల్పి మారియో బెల్లీని రూపొందించెను. రంధ్రములు గల రెండు అయస్కాంతపు బిళ్లల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర యుండును; పొరపైననే తీగ చుట్టలుగా అచ్చై యుండును. పొర అంతటను ఒక్కసారి కదలుట దీని గుణము. అయితే దానిని తగినంత పట్టి ఆపునది లేనిచో మంద్రస్థాయిలో ఒకచోట గుమ్మనును. అయస్కాంతము వెనుకనున్న రంధ్రములపై పలుచని ఫెల్టు బిళ్ల నొకదానిని పరచినచో, గాలి కష్టపడి దాటవలసి వచ్చి, ఆ పొంగు అణగును. రంధ్రములను పూర్తిగా మూసివేసినచో లోపలి గాలి బిగిసిన స్ప్రింగువలె మారి మంద్రమే నశించును. ఆ రెంటి నడుమనే మనకు కావలసిన స్థానము కలదు.

ఇక పని జరుపు క్రమము. మొదట చెవిమెత్తలను చూడవలెను. పాత స్పాంజి ఏండ్లు గడచిన కొలది జిగురై పొడిగా రాలును. మెత్తకు, చెవికి నడుమ సందు ఏర్పడినచో మంద్రము జారిపోవును. అప్పుడు లోపల ఏమి పెట్టినను వ్యర్థము. పొడియైన స్పాంజిని బ్రష్షుతో మెల్లగా తుడిచి, మెత్తలు మార్చి, మరల వినవలెను. కొన్నిటికి ఈ చికిత్సయే చాలును.

పిదప బల్లపై శుభ్రమైన గుడ్డ పరచి గిన్నెను విప్పవలెను. ఇనుప రజను ఆ దరిదాపుల ఉండరాదు. అయస్కాంతము దానిని లాగికొనును. తీగలు వెంట్రుకవలె సన్ననివి గనుక గిన్నెను ఒక్కసారిగా లాగరాదు. పదార్థము పెట్టుటకు మూడు చోట్లు కలవు. గిన్నె గోడను గోటితో తట్టినపుడు డొల్లగా మ్రోగినచో, పిల్లలు బొమ్మలు చేసికొనెడి ఆరని రంగుమట్టిని పలుచగా అద్దవచ్చును. మృదంగము ఎడమ మూతిపై రవ్వముద్ద అద్దినపుడు బరువు పెరిగి నాదము మారుట మన మెరిగినదే. ఇచ్చట గోడకు బరువు చేర్చుటయు అట్టిదే. గిన్నెలోని గాలి మ్రోగినచో, విడదీసిన దూదిని వదులుగా ఉంచవలెను, కూరరాదు. పొర వెనుక రంధ్రములకు ఫెల్టు గాని, ఆస్పత్రులలో వాడు కాగితపు టేపు గాని సరిపోవును. పొరకు మాత్రము ఏదియు తగులరాదు. జిగురు ఎచ్చటను వాడరాదు.

రెండు ప్రక్కలను ఒకే కొలతతో చేయవలెను. ఫెల్టును ఒకే అట్ట నమూనా పెట్టి కత్తిరించవలెను. దూదిని, మట్టిని కంసాలి త్రాసులో తూచినను అతిశయోక్తి కాదు. ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేసి, దానిని కాగితముపై వ్రాసికొనవలెను.

పరీక్షకు ఖరీదైన సాధనము లక్కరలేదు. వార్తలు చదువు గొంతును వినుడు: శ, ష, స అను అక్షరములు చెవిలో గుచ్చుకొనరాదు, మొద్దుబారనురాదు. తంబురను వినుడు: ఒక తీగ మిగిలినవానిని మింగరాదు. మృదంగపు దెబ్బను వినుడు: దెబ్బ పిదప నిశ్శబ్దము వినబడవలెను. ఒకే గొంతు రెండు చెవులకు సమముగా వచ్చుచున్నపుడు తల నడుమ నిలిచినట్లు తోచవలెను. ఒక ప్రక్కకు ఒరగినచో కొలతలు కుదరలేదన్నమాట. పోల్చునపుడు బిగ్గరతనము సమానముగా ఉండవలెను, ఏలయనగా బిగ్గరగా ఉన్నదే బాగున్నదని చెవి మోసపోవును. మన చేతులతో చేసిన మార్పు మనకు ఎప్పుడును మేలుగనే తోచును. అందుచేత మార్పు సంగతి తెలియని ఇంటివారొకరి చేత వినిపించి వారి మాట అడుగుట ఉత్తమము.

పదార్థము ఎక్కువైనచో సంగీతము పరుపుల గదిలో పాడినట్లుండును. అప్పుడు బిగ్గరతనము పెంచుటకు చేయి పోవును. అది చెవికి కీడు. ఒక పొరను తీసివేయుటయే దానికి మందు. తుప్పుపట్టిన తీగచుట్టకు, చినిగిన పొరకు ఈ వైద్యము లేదు; లేని తారస్థాయిని ఫెల్టు ఇయ్యజాలదు.

చివరగా ఒక మాట. విప్పకముందే లోపలి అమరికను ఫొటో తీసి ఉంచుడు. తీసిన ప్రతి ముక్కను, అది చిరిగినదైనను, ఒక కవరులో పెట్టి పేరు వ్రాయుడు. అరుదైన హెడ్‌ఫోను ఎట్లున్నదో అట్లే ఉండనిచ్చుట మంచిది. మన పెద్దలు పాటను ఏ ధ్వనితో వినిరో తెలుపగల వస్తువులు అవి. ఒకసారి పాడైన పొరను తిరిగి చేయువారు దొరకరు. మనము చేసిన ప్రతి మార్పును రేపు మరియొకరు ఐదు నిమిషములలో తీసివేయగలిగినచో, ఆ పని సక్రమముగా జరిగినదని చెప్పవచ్చును.