డెర్బీ నుంచి పిట్స్‌బర్గ్‌కి: ఒక ఇంటి లెక్క

(స్వర్ణోత్సవాల రెండో రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విదేశాల్లో మనవాళ్ళ విజయాల గురించి మాట్లాడమన్నారు. కార్యదర్శి గారిని బతిమాలి అంశం మార్పించుకున్నాను. దానికి కారణం ఒక ఫోను. మా బ్యాచ్‌లోని ఒకడి కొడుకు లెస్టర్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. భార్య ఆసుపత్రిలో నర్సు, రెండేళ్ళ పాప. రెండు నెలల కిందట ఫోన్ చేసి, "అంకుల్, అమెరికాకి రమ్మంటున్నారు. పౌండ్లలోకి మార్చి చూశాను, ఇప్పటి జీతం కన్నా ఎక్కువే. వెళ్ళిపోనా?" అన్నాడు. 2014లో నేను కూడా సరిగ్గా ఆ ఒక్క భాగహారం చేసి బయల్దేరాను. అందుకని ఈ రోజు విజయాలు పక్కన పెట్టి ఆ లెక్క చెప్తాను. మన బడి పిల్లల పిల్లలు ఇప్పుడు ఆ దేశాల్లో చాలామందే ఉన్నారు. ఎవరికైనా అక్కరకొస్తుంది.

నేను అరకు స్టేషన్ పక్కన పెరిగినవాణ్ణి. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్ పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ లైను మా ఇంట్లో అన్నం పెట్టింది. గూడ్సు బండి ఎక్కడ ఎందుకు ఆగిందో సిగ్నల్ చూసి చెప్పడం మా ఆట. ఆ ఆటే నా చదువై, నన్ను డెర్బీకి చేర్చింది. అక్కడ రైల్వే సిగ్నలింగ్‌లో పదమూడేళ్ళు పనిచేశాను.

2008లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొని 25 మంది చనిపోయారు. ఎర్ర సిగ్నల్ దాటబోయే బండి దానంతటదే ఆగిపోయే పద్ధతిని ప్రధాన లైన్లలో 2015 చివరికల్లా పెట్టాలని ఆ ఏడాదే అమెరికాలో చట్టం చేశారు. గడువు దగ్గరపడేకొద్దీ సిగ్నల్ ఇంజనీర్లకు గిరాకీ పెరిగింది. (ఆ గడువు తర్వాత పొడిగించారు, పని పూర్తయ్యేసరికి 2020 అయింది. రైల్వే గడువుల సంగతి మనకి కొత్త కాదు.) మా కంపెనీ నన్ను తన పిట్స్‌బర్గ్ శాఖకు వెళ్తావా అని అడిగింది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1881లో సిగ్నళ్ళ కంపెనీ పెట్టిన ఊరు. నాకది గుడికి వెళ్ళడం లాంటిది.

లెక్క వినండి. డెర్బీలో నా జీతం 52,000 పౌండ్లు, పిట్స్‌బర్గ్‌లో ఇస్తామన్నది 1,04,000 డాలర్లు. అప్పుడు పౌండుకి 1.70 డాలర్లు, కాబట్టి 61,000 పౌండ్ల పైచిలుకు. తొమ్మిది వేలు ఎక్కువ! నేనా సంతోషంలో ఉంటే మా ఆవిడ ఒకే మాట అడిగింది: "మరి నా 21,000?" ఆవిడ అక్కడి ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. ఇద్దరిదీ కలిపితే 73,000. అటు వెళ్తే 61,000. నా జీతం పెరిగింది, ఇంటి రాబడి పన్నెండు వేలు తగ్గింది. "నువ్వూ నెలలో చేరిపోతావులే" అన్నాను. నా వీసా ఎల్-1, ఆవిడది ఎల్-2. ఆ రోజుల్లో ఎల్-2 మీద వచ్చినవాళ్ళు పని అనుమతి కార్డుకి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. సెప్టెంబర్‌లో పెడితే కార్డు డిసెంబర్‌లో వచ్చింది. ఉద్యోగం మే నెలలో దొరికింది. 2021 నవంబర్ నుంచి ఎల్-2 భార్యాభర్తలకి ఆ విడి కార్డు అవసరం లేదు. అదే హెచ్-1బి మీద వెళ్తే, వెంట వచ్చిన హెచ్-4 వాళ్ళలో గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్ళినవాళ్ళ జీవిత భాగస్వాములకే పని అనుమతి దొరుకుతుంది. లెస్టర్ అబ్బాయిని నేను మొదట అడిగింది జీతం కాదు, ఏ వీసా అని. రెండోది, నర్సుగా మీ ఆవిడకి బ్రిటన్‌లో ఉన్న రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు, ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి, ఆ నెలలు లెక్కలో వేశావా అని. వెయ్యలేదు.

ఇక ఖర్చుల పేజీ. నేను వాడుతున్న నమూనా బ్రిటన్‌ది. అందులో వైద్యం అనే గడి లేదు. మా అమ్మాయికి ఉబ్బసం. ఇంగ్లండ్‌లో పదహారేళ్ళ లోపు పిల్లలకి మందులకు డబ్బు తీసుకోరు, పెద్దవాళ్ళకి కూడా అప్పట్లో ఒక్కో మందుకి 8 పౌండ్ల 5 పెన్నీలే. అమెరికాలో ఆఫీసు ద్వారా బీమా ఉంటుందన్నారు, ఉంది కూడా. దానికి ప్రతి జీతంలోనూ కోత. అంతే కాక ఏడాదిలో మొదట ఇంత సొమ్ము మనమే భరించాలి, ఆ తర్వాతే బీమా కదుల్తుంది. దాన్ని డిడక్టబుల్ అంటారు. ఇన్‌హేలర్ కోసం మొదటిసారి మందుల షాపుకెళ్ళి, చెప్పిన ధర విని, వేరే ఎవరి బిల్లో చదువుతున్నారేమో అనుకున్నాను.

పన్నులు నాకు తెలుసనుకున్నాను. కేంద్రానిది వేశాను, పెన్సిల్వేనియా రాష్ట్రానిది 3.07 శాతం వేశాను. పిట్స్‌బర్గ్ నగరంలో కాపురముంటే నగరానికీ బడులకూ కలిపి జీతంలో మరో 3 శాతం కట్టాలని మొదటి జీతం చీటీ చూస్తే తెలిసింది. శివార్లలో చాలాచోట్ల అది ఒక శాతమే. ఇల్లు ఏ వీధిలో తీసుకుంటున్నామో కూడా పన్ను లెక్కేనన్నమాట. ఇంకోటి, ఇక్కడి బ్యాంకులో నా ఎన్‌ఆర్‌ఇ డిపాజిట్ మీద వడ్డీకి మన దేశంలో పన్ను లేదు కదా అని ధీమాగా ఉన్నాను. అమెరికాలో ఉంటే ప్రపంచంలో ఎక్కడ వచ్చిన వడ్డీ అయినా చూపించాలి. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా ఇంకో నివేదిక ఇవ్వాలి. బ్రిటన్‌లో పన్నులేని ఐసా ఖాతా అక్కడ మామూలు ఖాతాయే.

కంపెనీ తరలింపు ఖర్చు ఇచ్చింది, అయితే ముందు మనం పెట్టి రసీదులు చూపించాక. పైగా హోటల్ లాంటివాటికి ఇచ్చింది జీతంలో కలిపి పన్ను కోశారు. 2018 నుంచి ఇంకా గట్టిది, తరలింపుకి యజమాని ఇచ్చే మొత్తం మీద అసలు మినహాయింపే లేదు. ఆ పన్ను కూడా మీరే భరిస్తారా అని ముందే అడగాలి. అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. నేను మొహమాటపడ్డాను.

లాభాలు లేవని కాదు. ఇల్లు పెద్దది, పెట్రోలు చవక, డెర్బీలో అద్దెకున్నా మనమే కట్టిన కౌన్సిల్ టాక్స్ అక్కడ లేదు. అయితే డెర్బీలో నడిచి బడికి వెళ్ళిన పిల్లలున్న ఇంటికి అక్కడ రెండు కార్లు కావాల్సి వచ్చాయి. ఆ దేశంలో అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర లేదని ఇంటాయన మూడు నెలల అద్దె ముందే తీసుకున్నాడు. బ్యాంకు నాకిచ్చిన క్రెడిట్ కార్డు మీద పరిమితి 500 డాలర్లు, అదీ నా 500 డాలర్లు వాళ్ళ దగ్గర దాచుకుని.

వెట్ గ్రైండర్ సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఒప్పుకోదు. పూర్ణా మార్కెట్లో కొన్నది, డెర్బీలో పదేళ్ళు పిండి రుబ్బింది. రెండు చోట్లా 230 వోల్టులే కదా. దాన్ని ఓడలో పిట్స్‌బర్గ్‌కి మోయించాను. అక్కడ 120 వోల్టులు. విద్యుత్తుతో బతికే ఇంజనీరు చేసిన పని! టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె కూడా దానితోపాటే వచ్చాయి.

ఇవన్నీ కలిపినా మేం నిలదొక్కుకున్నాం. నేను చెప్పదల్చుకున్న తప్పు వేరు.

ముందు వరసలో ఉన్న మా లెక్కల మాస్టారు తొమ్మిదో తరగతిలో జమా ఖర్చుల పట్టీ రాయించేవారు. అన్నీ సరిపోయాక కూడా "చేతి నిల్వ ఏదిరా?" అని కొట్టేసేవారు. బ్యాంకు నిల్వ వేరు, చేతి నిల్వ వేరు, రెండూ కలిపి రాస్తే సున్నా మార్కులు. నేను మా తరలింపు పట్టీలో అత్యవసరానికి 20,000 పౌండ్లు అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నాను. ఆ డబ్బు 2014 జులైలో బ్రిటన్‌లోనే రెండేళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశాను. వడ్డీ వస్తుంది, ఈలోగా పౌండు 1.80కి పోతుంది, అప్పుడు తెచ్చుకుందాం అని. గడువు లోపల తీయడానికి వీల్లేని ఖాతా అది.

2015 ఫిబ్రవరిలో తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మకి పక్షవాతం, అనంతగిరి ఘాట్ దింపి విశాఖ తీసుకెళ్తున్నామని. నలుగురికీ టికెట్లు చూస్తే ఏడు వేల డాలర్లు. ఖాతాలో మూడు వేల చిల్లర. కార్డు సంగతి చెప్పాను కదా. మా ఆవిడకి జీతం లేదు. అద్దె ఐదు రోజుల్లో కట్టాలి. ఒక్క టికెట్టు కొని నేను వెళ్ళాను. సెలవు కూడా చిక్కే. బ్రిటన్‌లో ఏడాదికి 28 రోజుల జీతంతో సెలవు చట్టంలోనే ఉంది, అమెరికా కేంద్ర చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. కంపెనీ ఇచ్చినంతే. ఆరు నెలల్లో నాకు జమ అయింది ఐదు రోజులు. మిగతా నాలుగు రోజులకి జీతం పోయింది.

అమ్మకి మాట కొంచెం వచ్చింది. నా వెనక చూసి, "కోడలు రాలేదేటిరా? పిల్లలేరీ?" అంది. బడి ఉందమ్మా అన్నాను. ఏప్రిల్లో పోయింది. మా వాడు అప్పుడు ఏడేళ్ళవాడు. నానమ్మ అంటే వాడికి ఇప్పుడు ఫోన్లో గొంతు, ఒక ఫోటో.

తర్వాత ఈ సంగతి తెలిసి పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో పరిచయమైన ఒకాయన కోప్పడ్డారు, "నన్నడగాల్సింది కదండీ" అని. ఆరు నెలల పరిచయంలో నాకు నోరు రాలేదు. ఆ 20,000 గడువు 2016 జులైలో తీరింది. జూన్ 23న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తామని ఓటు వేసింది. నాకు పౌండుకి 1.31 వచ్చింది. వెళ్ళిన రోజే మార్చుకుని ఉంటే 34,000 డాలర్లు, దక్కింది 26,200. ఆ 7,800 నాలుగు టికెట్ల డబ్బు కన్నా ఎక్కువ. దీన్ని నేను చాలా రాత్రులు లెక్కేశాను.

లెస్టర్ అబ్బాయికి చెప్పింది ఇదే. ఒక జీతం మీద ఆరు నెలల ఖర్చు డాలర్లలోకి మార్చి, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఖాతాలో ఉంచు. దాని పక్కన ఇంటికి రానూపోనూ టికెట్లు ఎంతమంది ఉంటే అన్ని, విడిగా రాసుకో. ఉద్యోగం పోతే వీసా మీద ఉన్నవాళ్ళకి ఇప్పుడు 60 రోజుల వ్యవధి ఇస్తున్నారు, నా రోజుల్లో అదీ లేదు. ఆ 60 రోజులూ, సామానుతో వెనక్కొచ్చే ఖర్చూ వెయ్యి. రెండేళ్ళ లోపు మానేస్తే తరలింపు సొమ్ము తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో ఒప్పందం చదువు. వీసా రుసుములు నన్నడగొద్దు, ఏటా మారుతున్నాయి, అక్కడి ప్రభుత్వ కాగితమే చూడు. గ్రైండర్ అమ్మేయ్.

అతను మళ్ళీ లెక్క వేసుకున్నాడు. భార్య లైసెన్సు వచ్చేదాకా చేరే తేదీ వాయిదా వెయ్యమని కంపెనీని అడిగాడట, నాలుగు నెలలు ఇచ్చారు. వెళ్తాడో లేదో ఇంకా తేల్చుకోలేదు. అతనికి పంపిన ఎక్సెల్ ఫైలు సంఘం కార్యదర్శి గారి దగ్గర కూడా ఉంచాను. 2014 నాటి నా పేజీ అందులో అలాగే ఉంది, దిద్దలేదు. మాస్టారు చూస్తానంటే భోజనాల దగ్గర చూపిస్తాను.