నవ్వునకు రెండు తక్కెడలా?

1968వ సంవత్సరమున వెలువడిన ‘ది పార్టీ’ అను హాలీవుడ్ హాస్యచిత్రమున ఆంగ్లనటుడు పీటర్ సెల్లర్స్ మొగమునకు గోధుమవన్నె పూసికొని, మన యాసను అనుకరించుచు, బక్షీ యను భారతీయుడుగా నటించెను. భారతీయుని పాత్ర భారతీయునికి దక్కలేదు, దక్కినది పరిహాసము. దానికి మనము రోషపడుట న్యాయమే.

కాని ఆ యేటనే మన దేశమున వెలువడిన ‘పడోసన్’ అను హిందీచిత్రమున దక్షిణాది సంగీతోపాధ్యాయుని వేషమును మహమూద్ ధరించి, దాక్షిణాత్యుల యాసతోనే నవ్వు పుట్టించెను. దానిని వినోద మంటిమి. తెలుగు తెరపైనను నల్లని మేనిని గేలిచేసిన హాస్యమునకు కొదువ లేదు. అచట చప్పట్లు చరచినవారము మనమే.

పరులు చేసిన నవమానము, మనము చేసిన నానందమా? హాస్యము వలదని నే ననను. ఎవనిని జూచి నవ్వుచున్నామో, వాడు మన ప్రక్కన కూర్చుండి మనతోపాటు నవ్వగలడా? ఈ యొక్క తక్కెడ చాలును.