శ్రీశైల పాదయాత్రలో మజిలీ ధర్మం



భగవద్బంధువులారా! మల్లన్న మహిమను వర్ణించుటకు నాకంటె సమర్థులైన విద్వాంసులు ఈ వేదికపై ఉన్నారు. నాకు అప్పగించిన విషయం చిన్నది. పాలమూరు నుండి, నల్లగొండ నుండి శివరాత్రికి కాలినడకన శ్రీశైలం వెళ్ళేవారు ఎక్కడ ఆగవలెను, ఆగినచోట ఎట్లు మెలగవలెను అన్నదే ఆ విషయం. ఇది పురాణం కాదు గదా అని కొందరు అనుకోవచ్చును. ఈ చిన్న విషయంలో నేను ఒకసారి తప్పినాను. ఆ తప్పు సంగతి కూడా చెప్పవలసి ఉన్నది కనుకనే ఒప్పుకొన్నాను.

కిందటి ఏడు ఒక యువకుడు నన్ను అడిగినాడు. "స్వామి పిలిచినాడు, స్వామియే నడిపిస్తాడు. మజిలీల పట్టిక వ్రాసుకొనుట అంటే ఆయనపై నమ్మకం లేకపోవుటయే కదా?" అని. ఆ ప్రశ్నలో భక్తి ఉన్నది, కాదనను. అయితే ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకొనే గృహస్థు తమలపాకులు, వక్కలు, గోధుమనూక ముందు రోజే తెచ్చుకొంటాడు గాని, స్వామి తెప్పిస్తాడులే అని పీటమీద కూర్చోడు. మనం ముందు ఆలోచించకపోతే ఆ భారం గాలిలో కలిసిపోదు, మరొకరి నెత్తిన పడుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు ఇరువదిమంది స్వాములు చెప్పకుండా ఒక పల్లెలో దిగితే, అప్పటికి పొయ్యి ఆర్పిన ఇల్లాలు మరల పొయ్యి అంటించవలసి వస్తుంది. ఆమె కాదనదు. శివరాత్రి స్వాములకు లేదనుట మన సీమలో ఎవరికీ అలవాటు లేదు. ఆమె కాదనదు గనుకనే మనం జాగ్రత్తగా ఉండవలెను.

పూర్వులు ఈ విషయంలో మనకంటె తెలివైనవారు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్ర మీలో కొందరు చదివియుంటారు. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణంలో బయలుదేరి, అహోబిలం, శ్రీశైలం సేవించుకొని, కృష్ణ దాటి మన వనపర్తి, జడ్చర్లల మీదుగా హైదరాబాదు చేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసినవారు, పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్ళినవారు. అయినను దారిలోని ఊళ్ళకు ఒకదానికొకటి ఎంత దూరమో, దిగుటకు వసతి ఎట్లున్నదో, నీళ్ళు మంచివో కావో, అంగళ్ళలో ఏమి దొరుకుతుందో శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. అది తమకొరకు మాత్రమే వ్రాసుకొన్నది కాదు, వెనుక వచ్చే యాత్రికుని కొరకు. భక్తికి అది అడ్డు రాలేదు.

ఇక మన దారికి వద్దాము. శ్రీశైలానికి నాలుగు ద్వారములని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇందులో రెండు మన పాత పాలమూరు జిల్లావే కావటం మన భాగ్యం. ఈశాన్య ఉపద్వారమైన ఏలేశ్వరం నల్లగొండవారిది. ఆ ఊరు నాగార్జునసాగర్ జలాశయంలో మునిగినది. కనుక నేడు నల్లగొండవారు దేవరకొండ, డిండిల మీదుగా వచ్చి, పాలమూరువారు బిజినేపల్లి, నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా వచ్చి, ఉమామహేశ్వరం చేరువలో ఒకే దారిన పడతారు. అక్కడినుండి ఘాటు ఎక్కితే మన్ననూరు. ఆపైన అంతా నల్లమల.

పాలమూరు నుండి శ్రీశైలం 190 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మా గుంపు దీనికి పదకొండు రోజులు పెట్టుకొంటుంది. ఏడు రోజులలో పోయేవారున్నారు, వారికి నమస్కారం. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి గనుక, బహుళ విదియనాడు బయలుదేరితే నడుమ ఒక్క రోజు విరామంతో త్రయోదశికి క్షేత్రం చేరవచ్చును. ఇందులో మరియొక సౌకర్యం ఉన్నది. బహుళపక్షంలో చంద్రుడు ఆలస్యంగా ఉదయించి తెల్లవారే వరకు ఆకాశంలో ఉంటాడు. మెట్ట ప్రాంతంలో నడిచే తొలి రోజులలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి నడిస్తే వెన్నెల తోడుగా ఉంటుంది, ఎండ ముదిరే పదిగంటల లోపల సగానికి పైగా నడక ముగుస్తుంది. చంద్రుడు సన్నగిల్లే నాటికి మనం అడవి చేరుతాము. అడవిలో చీకటిలో నడవకూడదు గనుక అప్పుడు వెన్నెలతో పనిలేదు.

మొదటి రోజు మజిలీ పన్నెండు కిలోమీటర్లకు మించరాదు. ఇది మా గుంపులో యువకులకు ఏటా కష్టంగా తోచే నియమం. మధ్యాహ్నానికే మజిలీ చేరి, ఇంకా కాళ్ళలో బలమున్నదే అని గొణుగుతారు. మూడవనాటికి ఆ గొణుగుడు ఉండదు. ఉమామహేశ్వరంలో ఒక పూర్తి రోజు ఆగుతాము. కొండచరియ కింద వెలసిన ఆ స్వామిని, అక్కడి పాపనాశన తీర్థాన్ని సేవించుకొని, బట్టలు ఉతుక్కొని, పాదములు చూచుకొని, అప్పుడు అడవిలో అడుగు పెడతాము. ద్వారం వద్ద ఆగకుండా లోపలికి పోవుట మర్యాద కాదు కదా.

మన్ననూరు నుండి శ్రీశైలం 75 కిలోమీటర్లకు అటూ ఇటూ. మెట్ట ప్రాంతంలో మజిలీ మన ఇష్టం, నడుమ ఏదో ఒక ఊరు తగులుతుంది. అడవిలో అట్లు కాదు. వటవర్లపల్లి, దోమలపెంట వంటి ఊళ్ళు ఎక్కడ ఉన్నవో అక్కడే మన మజిలీ. ఇది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సాధారణ దినములలో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు ఈ దారిలో వాహనములను సైతం అటవీశాఖవారు నిలిపివేస్తారు. చక్రాలమీద పోయేవానికి ఉన్న నియమం కాళ్ళమీద పోయేవానికి లేదనుకొనుట పొరపాటు. పులి, చిరుత సంగతి అట్లుంచండి, వేకువన ఎదురుపడే ఎలుగుబంటి మహా కోపిష్ఠి. తెల్లవారిన తరువాత బయలుదేరి, పొద్దు వాలకముందే మజిలీ చేరవలెను. శివరాత్రి రోజులకు అటవీశాఖవారు, దేవస్థానంవారు ఏ ఏటికి ఆ ఏడు చెప్పే నియమములను బయలుదేరక ముందే కనుక్కోవలెను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏండ్ల కిందటి మాట. పద్నాలుగు మందిమి బయలుదేరినాము. గుంపు నడిపించే బాధ్యత నాది. మాలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉండేవారు. అరువది దాటిన మనిషి, మధుమేహం ఉన్నది, దీక్ష గనుక చెప్పులు విడిచినారు. ఎన్నడూ నోరు విప్పి ఇది కావలెనని అడిగినవారు కారు. ఉమామహేశ్వరంలో ఆగవలసిన రోజును నేను రద్దు చేసినాను. ఒక రోజు ముందు చేరితే రద్దీకి ముందే దర్శనమవుతుందని నా లెక్క. వటవర్లపల్లి చేరేసరికి పూర్తిగా చీకటి పడినది. ఆయన అందరికంటె వెనుక, ఒక కుర్రవాని భుజం పట్టుకొని వచ్చినారు. "కొంచెం మెల్లగా నడిచినాను, ఏమీ అనుకోకండి" అన్నారు. దీపం వెలుగులో చూస్తే కుడి పాదం అడుగున చర్మం ఊడివచ్చి ఉన్నది. మధుమేహం వలన ఆయనకు నొప్పి సరిగా తెలియలేదు.

మరునాడు ఏదో విధంగా దోమలపెంట చేర్చినాము. అక్కడినుండి క్షేత్రం ఒక్క మజిలీ. అప్పటికి పాదం వాచి జ్వరం వచ్చినది. వైద్యం ఆలస్యమైతే ప్రమాదమని ఇంటికి పోయే బస్సు ఎక్కించినాము. ఆయన తన ఇరుముడి విప్పి, అందులోని కొబ్బరికాయను, విభూతి పొట్లాన్ని నా చేతిలో పెట్టి, "స్వామికి నా పేరు చెప్పండి" అన్నారు. నేను అనుకొన్నట్లే ముందుగా దర్శనమైనది. ఆయన గోత్రం, పేరు చెప్పి కాయ కొట్టించినాను. కాని ఆ సన్నిధిలో నేను స్వామిని సరిగా చూచినానని చెప్పలేను. ఆయనకు రెండు వ్రేళ్ళు తీసివేసినారు. ప్రాణాపాయం తప్పినది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నట్లయితే నాకు కొంత సులువుగా ఉండేది.

ఆనాటినుండి మా గుంపులో ఒక నియమం ఏర్పడినది. అందరికంటె మెల్లగా నడిచేవారు ముందు నడుస్తారు, తక్కినవారు వెనుక. వారు ఒక రోజులో ఎంత దూరం పోగలరో అదే మజిలీ. ప్రతి సాయంకాలం స్నానం కాగానే ఒకరి పాదములు ఒకరు చూస్తారు. శివస్వామి పాదం ముట్టుకొనుట మనకు చిన్నతనం కాదు గదా! మధుమేహం ఉన్నవారు చెప్పులు విడువరాదని ముందే చెబుతాము. దీక్షకు భంగమని బాధపడేవారికి నా సమాధానం ఒకటే. ఆ పాదం కూడా స్వామి ఇచ్చినదే.

ఇక బస. గుడి మండపమో, బడి వరండాయో, దాతలు కట్టించిన సత్రమో దొరుకుతుంది. పదిహేను రోజుల ముందు ఇద్దరు బస్సులో పోయి, ప్రతి మజిలీలో అర్చకస్వామినో, ప్రధానోపాధ్యాయునో, ఊరి పెద్దనో కలిసి, ఎంతమందిమి, ఏ తేదీ, ఏ వేళకు వస్తామో చెప్పి అనుమతి పొందవలెను. బడి అయితే, పిల్లలు వచ్చే వేళకు ముందే ఊడ్చి ఖాళీ చేయవలెను. మన గుంపులో తల్లులున్నట్లయితే, స్నానానికి, కాలకృత్యాలకు మరుగైన చోటు ఉన్నదా అన్నదే మొదట అడుగవలసిన ప్రశ్న. అది లేనిచోట మండపం ఎంత విశాలమైనా మజిలీ కాదు. మగవారు మాత్రమే కూర్చుని దారి నిర్ణయించినప్పుడల్లా ఈ ప్రశ్న మరచిపోయినారు. కనుక పట్టిక వ్రాసేటప్పుడు తల్లులను తప్పక కూర్చోబెట్టండి.

భోజనం ఏకభుక్తం, రాత్రి పండో పాలో. బియ్యం, పప్పు మనవే ఉండవలెను. శివరాత్రి దగ్గరపడిన కొలది దారిపొడవునా అన్నదాన శిబిరాలు వెలుస్తాయి. పెట్టేవారి పుణ్యం వారిది, తీసుకొనే మితం మనది. మోదుగ విస్తరిలో తిని, దానిని శిబిరంవారు చూపిన గుంటలో వేయండి. ప్లాస్టిక్ సీసా, సంచి అడవిలో విడిచివచ్చుట యాత్రాఫలాన్ని అక్కడే విడిచివచ్చినట్లు.

నీటి విషయం నల్లగొండవారికి నేను చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు ఏమి చేస్తుందో వారి పెద్దల ఎముకలకు తెలుసు. బయటివారు మాత్రం నీళ్ళు కాచి తాగితే చాలుననుకొంటారు. కాచినందువలన ఫ్లోరైడు పోదు. బోరింగు కనబడినచోటల్లా తాగక, శుద్ధిచేసిన నీరు ఏ మజిలీలో దొరుకుతుందో ముందుగా వెళ్ళిన ఇద్దరూ వ్రాసుకొని రావలెను.

మౌనం గురించి ఒక్క మాట. ఉదయం మొదటి రెండు గంటలు మేము మాట్లాడము, పంచాక్షరి మనసులో నడుస్తుంది. మైకు కట్టిన బండి మా వెంట రాదు. భజన మజిలీలో, అదియు తొమ్మిదింటి వరకే. అడవిలోని పెంటలలో చెంచులు నివసిస్తారు. మల్లన్నను తమ అల్లునిగా భావించేవారు వారు. అంటే మనం నడిచేది స్వామి అత్తవారి ఊళ్ళలో. అక్కడ కేకలు వేయుట, అడుగకుండా ఫొటోలు తీయుట తగునా?

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా శ్రీశైలానికి, అక్కడికి పోయే భక్తులకే కేటాయించినాడు. ఏడు వందల ఏండ్ల నుండి, అంతకుముందు నుండి ఈ కొండకు నడిచిన వారి వెనుకనే మనమూ నడుస్తున్నాము. తొందర ఎందుకు?

ఈ ఏడు రాదలచినవారు మాఘ పౌర్ణమికి పదిహేను రోజుల ముందే పేరు, వయస్సు, వాడుతున్న మందులు వ్రాసి ఇవ్వండి. మందుల సంగతి దాచవద్దు. చెప్పులు ధరించేవారు కొత్తవి కొనవద్దు, నెలరోజులు వాడినవి తెచ్చుకోండి. మజిలీల పట్టిక అర్చకస్వామివారి వద్ద ఉన్నది. అందులో ఉమామహేశ్వరం ఎదుట రెండు రాత్రులు అని వ్రాసి ఉంటుంది, ఎవరూ దిద్దవద్దు. ఇక తీర్థప్రసాదములు స్వీకరించండి.